బైపోలార్ రుగ్మత: ఇంట్లోవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి ప్రశ్నలన్నీ 18 ఏళ్ళు దాటినవారి గురించే. వీటిని చదివి జబ్బు ఉందో లేదో మీరే తేల్చేయకండి. సైకియాట్రిస్టు ముందు కూర్చున్నప్పుడు ఏ సంగతి చెప్పాలో, ఏది దాచకూడదో తెలిస్తే చాలు. ఈ జబ్బు బయటపడడం ఆలస్యం కావడానికి పెద్ద కారణం మన ఇళ్ళలోనే ఉంది. మనిషి కుంగిపోయినప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్తాం, మితిమీరిన హుషారులో ఉన్నప్పుడు తీసుకెళ్ళం. దాంతో డాక్టరు సగం కథే వింటారు, సగం కథకే మందు రాస్తారు.

బైపోలార్ అంటే ఏమిటి?

మనసు, ఒంట్లో సత్తువ, నిద్ర, ఆలోచనల వేగం, ఈ నాలుగూ కలిసి కొన్ని రోజుల నుంచి కొన్ని నెలల పాటు ఒకే వైపు ఒరిగిపోయే జబ్బు. పైకి ఒరిగితే మేనియా, కిందికి ఒరిగితే కుంగుబాటు. మధ్యలో మామూలుగా ఉండే కాలం నెలలు కావచ్చు, ఏళ్ళు కావచ్చు. ఆ కాలంలో చూసినవారెవరూ ఈ మనిషికి జబ్బుందంటే నమ్మరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచమంతటా ఇది ఉన్నవారు 4 కోట్ల మంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, పెద్దవారిలో ప్రతి 1000 మందికి సుమారు 5 మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడ్డారని తేలింది. ఆ జాబితాలో మన రెండు రాష్ట్రాలూ లేవు. జబ్బున్నవారిలో దాదాపు 70 శాతం మందికి చికిత్స అందడం లేదన్నది అదే సర్వే చెప్పిన మరో మాట.

మా ఆయనకు పొద్దున కోపం, సాయంత్రానికి నవ్వు. ఇది బైపోలారేనా?

కాకపోవడానికే అవకాశం ఎక్కువ. గంటల్లో మారిపోయే కోపతాపాలకు వేరే కారణాలు బోలెడు ఉంటాయి. బైపోలార్‌లో మార్పు గంటల లెక్కన కాదు, రోజులు వారాల లెక్కన నడుస్తుంది. మేనియా అనాలంటే లక్షణాలు కనీసం వారం రోజులు, దాదాపు రోజంతా ఉండాలి. ఆసుపత్రిలో చేర్చవలసినంత తీవ్రంగా ఉంటే వారం కూడా అక్కరలేదు. దానికంటే తేలికైన హైపోమేనియాకు 4 రోజులు, కుంగుబాటుకు 2 వారాలు.

ఇంకో కొలత కూడా ఉంది. ఆ మనిషిని ఎవరితోనూ పోల్చకండి, పోయిన ఏడాది అదే మనిషి ఎలా ఉండేవారో దానితో పోల్చండి. పుట్టుకతో వాగుడుకాయ అయినవారు ఇవాళ గంటసేపు మాట్లాడితే అది జబ్బు కాదు. పెళ్ళిలో కూడా ఒక మూల కూర్చునే మనిషి ఉన్నట్టుండి పాత సహాధ్యాయులందరికీ అర్ధరాత్రి ఫోన్లు చేస్తుంటే ఆలోచించాలి.

ఈ మధ్య చిరాకుపడే ప్రతి అత్తగారికీ, అలిగే ప్రతి భార్యకూ ఈ పేరు తగిలించడం ఎక్కువైంది. వినడానికి సరదాగా ఉంటుందేమో గానీ, నిజంగా జబ్బుతో బతుకుతున్నవారి మాటకు విలువ తగ్గేది ఇలాంటి చోటే.

మేనియా ఇంట్లో ఎలా కనిపిస్తుంది?

ఎరువుల దుకాణం నడిపే 35 ఏళ్ళ మనిషిని ఊహించుకోండి. నిదానస్థుడు, లెక్క పక్కా. ఒక వారంలో తెల్లవారుజామున 3 గంటలకే లేవడం మొదలవుతుంది. అలసట లేదు, పైగా ఎన్నడూ లేనంత తేలిగ్గా ఉందంటాడు. రెండో దుకాణం పెడదామంటాడు, మూడు రోజులకు అది గోదామవుతుంది, ఆ పైన ఊళ్ళో గుడి కట్టించడం. మాట ఆగదు. ఒక సంగతి పూర్తికాకుండానే ఇంకోదానిలోకి దూకుతుంది. తెలిసినవాళ్ళందరి ఫోన్లలో రాత్రి 2 గంటలకు వచ్చిన వాట్సాప్ సందేశాలు వరసగా ఉంటాయి. అడ్డు చెప్పిన బావమరిదిని నలుగురిలో తిడతాడు. భార్యకు తెలియకుండా బంగారం తాకట్టుకు పోతుంది.

మొదటి వారం చుట్టాలందరూ మెచ్చుకుంటారు, ‘ఇన్నాళ్ళకు కళ్ళు తెరిచాడు’ అని. ఇబ్బందంతా అక్కడే ఉంది. ఉత్సాహాన్ని మనం జబ్బుగా చూడం, ఆ మనిషి అసలే చూడడు. తనకు జబ్బు లేదని గట్టిగా నమ్మడం మేనియాలో లక్షణమే, మొండితనం కాదు.

అందరిలోనూ సంతోషమే పొంగుతుందని అనుకోకండి. కొందరిలో మేనియా అంతా చిరాకు, కోపం, అనుమానం రూపంలోనే నడుస్తుంది. విచ్చలవిడి ఖర్చు, ఫోను యాప్‌లలో అప్పులు, జూదం, ఉన్నపళంగా రాజీనామా, స్వభావానికి విరుద్ధమైన లైంగిక ప్రవర్తన, అతివేగంగా బండి నడపడం, ఇవన్నీ దీనిలో భాగం కావచ్చు. మరీ ముదిరితే తానే అవతార పురుషుణ్ణని, ముఖ్యమంత్రి తన సలహా కోసం ఎదురుచూస్తున్నారని నమ్మడం, ఎవరికీ వినిపించని గొంతులు వినడం వరకు పోతుంది. ఆ స్థితి చూసి స్కిజోఫ్రెనియా (భ్రమలు, లేని గొంతులు ప్రధానంగా ఉండే వేరే మానసిక జబ్బు) అనుకోవడం జరుగుతుంటుంది. తేడా తేలేది కాలక్రమాన్ని బట్టి. బైపోలార్‌లో ఇలాంటి భ్రమలు సాధారణంగా మేనియాతోనో కుంగుబాటుతోనో వచ్చి, దానితోనే పోతాయి.

హైపోమేనియా అంటే? అంత చురుగ్గా పని చేస్తుంటే జబ్బెలా అవుతుంది?

అదే మార్పు, తీవ్రత తక్కువ. ఉద్యోగం పోదు, ఆసుపత్రి అక్కరలేదు, భ్రమలు ఉండవు. చాలామందికి అది జీవితంలో మంచి కాలంగా గుర్తుండిపోతుంది కూడా. దాన్ని లెక్కలోకి తీసుకోవడం ఎందుకంటే, దాని వెనకాలే కుంగుబాటు ఉంటుంది. పెద్ద కుంగుబాట్లు, వాటి మధ్య హైపోమేనియా, ఈ వరసను బైపోలార్ 2 అంటారు. ఒక్కసారైనా పూర్తి మేనియా వచ్చి ఉంటే బైపోలార్ 1. రెండేళ్ళకు పైగా అంత తీవ్రం కాని ఎత్తుపల్లాలు నడుస్తూ ఉంటే సైక్లోథైమియా. బైపోలార్ 2 బైపోలార్ 1 కంటే తేలిక అనే అపోహ ఉంది. అది నిజం కాదు.

డిప్రెషన్‌కూ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది?

కుంగిపోయి ఉన్న రోజున చూస్తే తేడా తెలియదు. బాధ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నీరసం, ఆకలి నిద్రల్లో మార్పు, తాను పనికిరాననే భావన, చావు ఆలోచనలు, రెండింటిలోనూ అవే. అతిగా నిద్రపోవడం, కాళ్ళూ చేతులూ సీసం పోసినట్లు బరువెక్కడం, 25 ఏళ్ళలోపే మొదలవడం, ప్రసవం తర్వాత రావడం, కుటుంబంలో ఎవరికైనా బైపోలార్ ఉండడం, ఇవి డాక్టరుకు అనుమానం కలిగించే ఆనవాళ్ళు. అంతకంటే తేల్చి చెప్పేది గతం. ‘ఇంతకుముందు ఎప్పుడైనా, నాలుగైదు రోజుల పాటు, నిద్ర తక్కువైనా అలసట లేకుండా, మామూలు కంటే ఎక్కువ మాటలతో, ఖర్చులతో గడిచిందా?’ ఈ ప్రశ్న డాక్టరు అడగకపోతే మీరే జవాబు చెప్పండి.

దీనికి ఇంత పట్టుబట్టడానికి కారణముంది. బైపోలార్ ఉన్నవారికి, ముఖ్యంగా మొదటి రకం ఉన్నవారికి, డిప్రెషన్ తగ్గించే మాత్రలు ఒంటరిగా ఇస్తే కొందరు నేరుగా మేనియాలోకి వెళ్ళిపోతారు. పాత చీటీ చూపించి మందుల దుకాణంలో అవే మాత్రలు మళ్ళీ కొనుక్కునే అలవాటు మన దగ్గర ఉంది. ఈ జబ్బులో అది ప్రమాదం.

పేరు చూసి సగం కాలం పైన, సగం కాలం కింద అనుకుంటారు. అమెరికాలో రోగులను దాదాపు 13 ఏళ్ళపాటు వారం వారం లెక్కగట్టిన ఒక అధ్యయనంలో, మొదటి రకం బైపోలార్ ఉన్నవారు సుమారు 32 శాతం వారాలు కుంగుబాటులో, 9 శాతం మేనియాలో లేదా హైపోమేనియాలో గడిపారు. రెండో రకంలో కుంగుబాటు దాదాపు 50 శాతం, హైపోమేనియా 1 శాతం చిల్లర. ఊరందరికీ గుర్తుండేది ఆ మేనియా వారాలే గానీ, మనిషిని నిజంగా తినేసేది కుంగుబాటు.

రెండూ ఒకేసారి వస్తాయా?

వస్తాయి. ఆలోచనలు పరుగెడుతుంటాయి, కాలు నిలవదు, నిద్ర లేదు, మనసు మాత్రం పూర్తిగా చీకటి. దీన్ని మిశ్రమ స్థితి అంటారు. ఆత్మహత్య ప్రమాదం బాగా ఎక్కువగా ఉండే స్థితి ఇది. కుంగుబాటులో చావాలన్న తలపు ఉన్నా లేచే సత్తువ ఉండకపోవచ్చు, ఇక్కడ సత్తువ కూడా ఉంటుంది. ఇలా కనిపిస్తే రేపటిదాకా ఆగవద్దు.

రక్తపరీక్షలోనో స్కానింగులోనో తెలుస్తుందా?

తెలియదు. డాక్టరు మాటల ద్వారానే నిర్ధారిస్తారు. ‘స్కానింగు తీసి చూపిస్తాం’ అని డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. పరీక్షలు రాయడం మాత్రం తప్పు కాదు. అవి ఈ జబ్బును పట్టుకోవడానికి కాదు, దీనిలా కనిపించే వేరేవాటిని పక్కకు పెట్టడానికి. థైరాయిడ్ తేడాలు, ఆస్తమాకో కీళ్ళకో వాడే స్టెరాయిడ్లు, గంజాయి, మద్యం, కొన్ని మెదడు జబ్బులు మేనియా వేషం వేయగలవు. జబ్బు సాధారణంగా 15 నుంచి 30 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. ఇంతకుముందెన్నడూ లేని మనిషికి 50 దాటాక మొదటిసారి వస్తే శరీరంలో కారణం వెతకడం తప్పనిసరి.

గాలి సోకిందని మా అత్తయ్య అంటోంది. దేవుడు పూనాడని మరొకరు. ఎక్కడికి తీసుకెళ్ళాలి?

జాతరలో పూనకం వచ్చిన మనిషి డప్పు ఆగాక, హారతి ఇచ్చాక మంచినీళ్ళు తాగి ఇంటికి వెళ్తుంది. మర్నాడు పనికి పోతుంది. దానికి ఒక సందర్భం, మొదలు, తుది ఉంటాయి. రెండు వారాలుగా నిద్రపోని మనిషిది వేరే సంగతి. అత్తయ్యతో వాదం పెట్టుకోవలసిన పని లేదు. దేవుడికి మొక్కుకోండి, తాయెత్తు కట్టుకోండి, మాత్రలు కూడా వేయండి. ఏదో ఒకటే ఎంచుకోమంటే చాలా ఇళ్ళు మాత్రలనే వదిలేస్తాయి.

ఒప్పుకోకూడనివి మాత్రం ఉన్నాయి. కొట్టడం, ఉపవాసం పెట్టడం, కళ్ళలో కారం, గొలుసులు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ఆశ్రయ కేంద్రం తగలబడినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచడం వల్ల తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనిషిని ఏ రకంగానూ గొలుసులతో బంధించకూడదని నిషేధించింది.

ఎందుకు వస్తుంది? మా పెంపకంలో లోపమా?

కాదు. వంశపారంపర్యం బలంగా ఉన్న మానసిక జబ్బుల్లో ఇదొకటి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సుమారు 10 శాతం లోపు. అంటే పదిమందిలో తొమ్మిదిమందికి రాదు కూడా. ఒకే రకం కవలల్లో ఒకరికి ఉన్నా రెండోవారికి తప్పక వస్తుందని లేదు. కాబట్టి జన్యువులొక్కటే కాదు. నిద్ర చెడడం, ప్రసవం, పెద్ద నష్టం, మత్తుపదార్థాలు జబ్బును లేపగలవు.

నిద్ర గురించి ప్రతి డాక్టరూ అంతగా ఎందుకు అడుగుతారు?

ఎందుకంటే ఇంట్లోవాళ్ళు ముందుగా పట్టుకోగల గుర్తు అదే. ఇక్కడ ఒక తేడా చూడండి. నిద్ర పట్టక మంచం మీద దొర్లి, పొద్దున నీరసంగా లేవడం ఒకటి. మూడు గంటలు పడుకుని ఎనిమిది గంటలు నిద్రపోయినట్టు లేవడం వేరొకటి. రెండోది మేనియాకు ముందు వచ్చే గుర్తు. ఒకసారి జబ్బు వచ్చి తగ్గిన మనిషి వరసగా రెండు మూడు రాత్రులు ఇలా గడిపితే, ప్రవర్తనలో ఇంకేమీ తేడా లేకపోయినా డాక్టరుకు ఫోన్ చేయడం మంచిది. ఆ దశలో మందు కాస్త మారిస్తే చాలుననిపించేది, పది రోజులు ఆలస్యమైతే ఆసుపత్రిలో చేర్చేదాకా పోవచ్చు.

నిద్ర తగ్గిపోవడం జబ్బు లక్షణమూ అవుతుంది, జబ్బుకు కారణమూ అవుతుంది. అందుకే వంతులు మారే రాత్రి డ్యూటీలు, తెల్లవార్లూ సాగే పెళ్ళి పనులు, పరీక్షల ముందు జాగారాలు, సముద్రాలు దాటే విమాన ప్రయాణాలు వీరికి పరీక్షలే. ఇంట్లో పెళ్ళి ఉందంటే ఈ మనిషికి మూడు రాత్రుల పని అప్పగించకండి. శివరాత్రి జాగరణ మానేస్తే దేవుడేమీ అనుకోడు.

మందులు జీవితాంతం వాడాలా?

చాలామంది ఏళ్ళ తరబడి వాడాలి. పదే పదే వచ్చేవారికి జీవితాంతం కావచ్చు. ఈ జవాబు ఎవరికీ నచ్చదు. తగ్గాక మానేయడం, మళ్ళీ రావడం, మళ్ళీ మొదలుపెట్టడం అనే వరుస దాదాపు ప్రతి కుటుంబమూ ఒక్కసారైనా చూస్తుంది. మానాలనుకుంటే డాక్టరుతో మాట్లాడి నెలల మీద నెమ్మదిగా తగ్గించాలి.

లిథియం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే భయాలన్నీ దానిమీదే. ఇది ప్రకృతిలో దొరికే ఒక లవణం. 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ మేనియాకు పనిచేస్తుందని రాశారు. ఇప్పటికీ తిరగబెట్టకుండా ఆపడంలో దీనికి మించినది లేదని చాలామంది డాక్టర్ల మాట. ఆత్మహత్యలను తగ్గిస్తుందని బలమైన ఆధారాలున్నాయి. ధర కూడా తక్కువ. చిక్కు ఏమిటంటే, పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చిన్నది. రక్తంలో సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు, 1.5 దాటితే ప్రమాదం. అందుకే రక్తపరీక్ష, ఆరు నెలలకోసారి మూత్రపిండాలు, థైరాయిడ్ చూడడం.

మన ఎండల్లో ఈ మందు వాడేవారు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. రోహిణి కార్తెలో పొలం పని, వడదెబ్బ, వాంతులు విరేచనాలు, నీళ్ళు కూడా తాగని ఉపవాసం, రక్తపోటు కోసం ఒక్కసారిగా ఉప్పు మానేయడం, అన్నీ ఒకే దారిలో తీసుకెళ్తాయి. ఒళ్ళునొప్పులకు దుకాణంలో కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు, కొన్ని రక్తపోటు మందులు కూడా అంతే. నొప్పికి పారాసిటమాల్ వాడవచ్చు. చేతులు పెద్దగా వణకడం, మాట ముద్దగా రావడం, తూలడం, ఆగని వాంతులు కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఏ డాక్టరు దగ్గరకు, చివరికి పంటి డాక్టరు దగ్గరకు వెళ్ళినా లిథియం వాడుతున్నామని ముందే చెప్పాలి.

మిగిలినవాటిలో వాల్‌ప్రొయేట్, ఒలాంజపైన్, క్వెటియాపైన్, రిస్పెరిడోన్ తరచుగా కనిపిస్తాయి. వీటిలో చాలావాటితో బరువు పెరుగుతుంది, ఒలాంజపైన్‌తో మరీనూ. కుటుంబంలో షుగర్ ఉంటే ముందే చెప్పండి. లామోట్రిజిన్ కుంగుబాటు రాకుండా ఆపడానికి వాడతారు. మోతాదు చాలా నెమ్మదిగా పెంచాలి, ఒంటిమీద దద్దుర్లు వస్తే ఆగకుండా డాక్టరును కలవాలి. ఇవేవీ అలవాటుపడే నిద్రమాత్రలు కావు.

కౌన్సెలింగ్ ఒక్కటే ఈ జబ్బుకు చాలదు. మందులతో కలిపితే ఉపయోగం ఉంటుంది. ముఖ్యంగా కుటుంబాన్ని కూడా కూర్చోబెట్టి జబ్బు గురించి చెప్పే రకం.

కరెంటు షాక్ ఇస్తారా?

ప్రాణాపాయంగా ఉన్న కుంగుబాటులో, తిండి మానేసిన స్థితిలో, మందులకు లొంగని మేనియాలో ఇస్తారు. మత్తు ఇచ్చి, కండరాలు సడలించే మందు ఇచ్చి చేస్తారు. మత్తు లేకుండా ఇవ్వడాన్ని 2017 చట్టం నిషేధించింది. కొన్నాళ్ళ జ్ఞాపకాలు మసకబారవచ్చు. సినిమాల్లో చూపించే దానికీ దీనికీ పోలిక లేదు.

పెళ్ళి చేస్తే కుదురుకుంటాడని అంటున్నారు. చేసేయమంటారా?

పెళ్ళి మందు కాదు. నెలల తరబడి నిలకడగా ఉండి, మందులు క్రమంగా వాడుతున్న మనిషి పెళ్ళి చేసుకోవచ్చు, సంసారం చేయవచ్చు, చేస్తున్నవారు ఎందరో ఉన్నారు. దాచి చేయడమే అసలు ప్రమాదం. మాత్రలు దొంగచాటుగా వేసుకోవలసి వస్తుంది, పెళ్ళి హడావిడిలో నిద్ర చెడుతుంది, అత్తవారింట్లో మొదటి నెలలోనే మాత్రలు ఆగిపోతాయి, జబ్బు తిరిగి వస్తుంది. ఆ పైన ‘మోసం చేశారు’ అనే మాట. సంబంధం ఖాయం కాకముందే, అవతలివారిని ఒకసారి డాక్టరుతో కూర్చోబెట్టి మాట్లాడించడం మేలు. ఇలా చెబితే సంబంధాలు కొన్ని తప్పిపోతాయి. తప్పిపోనివ్వండి.

పెళ్ళయ్యాక జబ్బు పేరు చెప్పి విడాకులు తేలిగ్గా వస్తాయని కూడా అనుకోవద్దు. 2013లో ఒక తెలుగు డాక్టరు దంపతుల కేసులో, భార్యకు స్కిజోఫ్రెనియా ఉందన్న భర్త వాదనను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. మానసిక జబ్బు ఉందన్నంత మాత్రాన చాలదు, కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రత రుజువు కావాలని చెప్పింది.

పిల్లల్ని కనవచ్చా?

కనవచ్చు, కాకపోతే గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడాలి. వాల్‌ప్రొయేట్ వాడుతూ గర్భం దాల్చితే పదిమంది బిడ్డల్లో ఒకరికి పుట్టుక లోపాలు, ముగ్గురు నలుగురికి ఎదుగుదలలో, చదువులో ఇబ్బందులు వచ్చే ప్రమాదం ఉంది. పిల్లలు కనే వయసు స్త్రీలకు అది రాస్తే ఎందుకు రాశారని అడగడం మీ హక్కు. గర్భం తెలియగానే భయపడి అన్ని మందులూ ఒక్కరోజులో ఆపేయడం కూడా అంతే ప్రమాదం.

ప్రసవం తర్వాతి మొదటి నెల ఈ జబ్బులో చాలా సున్నితమైన కాలం. బిడ్డ పుట్టిన మూడో రోజు నుంచి తల్లి నిద్రపోకుండా, వింతగా మాట్లాడుతుంటే ‘బాలింత వాయువు’ అని పక్కన పెట్టకండి. అది ఆసుపత్రికి పరుగెత్తవలసిన పరిస్థితి. రాత్రిపూట బిడ్డను అమ్మమ్మో నాన్నో చూసుకుని తల్లిని నిద్రపోనివ్వడం పెద్ద సాయం.

మేనియాలో ఉన్న అన్నయ్య ఆసుపత్రికి రానంటున్నాడు. ఏం చేయాలి?

‘నీకు పిచ్చి పట్టింది’ అనే మాటతో మొదలుపెడితే తలుపు మూసుకున్నట్టే. వాదించి ఓడించే ప్రయత్నం వద్దు. అతని పథకాలను తప్పుపట్టకుండా, మెచ్చుకోకుండా, నిద్ర గురించి మాట్లాడండి. ‘నాలుగు రోజులుగా నిద్ర లేదు కదా అన్నయ్యా, నిద్రకైనా ఒకసారి చూపిద్దాం’ అంటే వచ్చేవారున్నారు. ఇంట్లో అతను మాట వినే మనిషి ఒకరుంటారు, మేనమామో చిన్నప్పటి స్నేహితుడో. వారిని పిలవండి. పదిమంది చుట్టూ చేరితే గొడవే అవుతుంది.

ఎంతకీ రాకపోతే, తనకో ఇతరులకో హాని జరిగేలా ఉంటే చట్టంలో దారి ఉంది. 2017 చట్టం ప్రకారం నామినేటెడ్ ప్రతినిధి (చట్టప్రకారం రోగి తరఫున మాట్లాడే మనిషి) దరఖాస్తు చేస్తే, సైకియాట్రిస్టుతో సహా ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి, 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. అత్యవసరంలో దగ్గర్లోని ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల వరకు చికిత్స చేయవచ్చు. మనిషి బాగున్నప్పుడే, మళ్ళీ జబ్బు వస్తే ఎలాంటి చికిత్స కావాలో, వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో రాసిపెట్టుకునే వీలు కూడా ఈ చట్టం ఇచ్చింది. దాన్ని వాడుకునేవారు తక్కువ. అన్నయ్య కోలుకున్నాక చేయించవలసిన మొదటి పని అదే.

డబ్బు సంగతి కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. బ్యాంకులో రోజువారీ చెల్లింపుల పరిమితి తగ్గించడం, పెద్ద మొత్తానికి ఇద్దరి సంతకం ఉండేలా చూసుకోవడం, పొలం కాగితాలు తోబుట్టువు దగ్గర ఉంచడం, ఇవి అతని ఒప్పుకోలుతో జరగాలి. జబ్బు సాకుతో ఆస్తి రాయించుకునే బంధువులు కూడా ఉంటారు, వారిని కనిపెట్టి ఉండండి.

చనిపోతానని అంటే నిజంగా పట్టించుకోవాలా?

తప్పకుండా. బైపోలార్ ఉన్నవారిలో ఆత్మహత్యల రేటు సాధారణ జనంతో పోలిస్తే 20 నుంచి 30 రెట్లు ఎక్కువ. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. ఒంటరిగా వదలకండి. పురుగుమందులు ఇంట్లో ఉంచకండి, మాత్రలు మీ దగ్గర పెట్టుకుని ఏ పూటకాపూట ఇవ్వండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు రాత్రీ పగలూ ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం ఉంటే 108. కేసు అవుతుందేమోనని దాచవద్దు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే 2017 చట్టం భావిస్తుంది.

ఉద్యోగం, బీమా?

ఉద్యోగం చేయవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మానసిక అస్వస్థత ఒకటి. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉందని ధ్రువపత్రం వస్తే సదుపాయాలకు అర్హత ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగిని సర్వీసులో ఉండగా వచ్చిన వైకల్యం పేరుతో తీసేయకూడదు. ఆరోగ్య బీమాలో శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకు కూడా వర్తించాలని చట్టం చెబుతోంది. పాలసీ కొనేటప్పుడు జబ్బు దాచకుండా రాయండి.

మా అబ్బాయి అమెరికాలో చదువుతున్నాడు. ఫోనులో తేడాగా మాట్లాడుతున్నాడు.

జబ్బు మొదలయ్యే వయసు, విదేశీ చదువుల వయసు ఒకటే. అక్కడి లెక్కన వేళ కాని వేళల్లో, అంటే అతనికి తెల్లవారుజామున, రోజూ ఫోన్లు వస్తున్నాయేమో చూడండి. గదిలో ఉండే స్నేహితుడితో విడిగా మాట్లాడండి. విశ్వవిద్యాలయాల్లో విద్యార్థుల కోసం ఆరోగ్య కేంద్రాలుంటాయి, మానసిక అత్యవసరానికి అక్కడ 988 నంబరు ఉంది. ఇప్పటికే మందులు వాడుతుంటే మాత్రలు చేతిసంచిలో, డాక్టరు చీటీతో సహా ఉండాలి. సామాను పెట్టె తప్పిపోయిన వారం లిథియం లేకుండా గడవకూడదు.

ఎవరికి చూపించాలి? వెళ్ళేటప్పుడు ఏమి తీసుకెళ్ళాలి?

సైకియాట్రిస్టుకు. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లోనూ చూస్తారు. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి పెద్దవి.

పాత చీటీలన్నీ, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రల అట్టలతో సహా పట్టుకెళ్ళండి. ఒక కాగితం మీద ఏ సంవత్సరం ఏమి జరిగిందో రాయండి: ఎప్పుడు కుంగిపోయారు, ఎన్నాళ్ళు, ఎప్పుడు హుషారు పెరిగింది, అప్పుడు రాత్రికి ఎన్ని గంటలు నిద్రపోయారు, ఎంత డబ్బు ఖర్చయింది, కుటుంబంలో ఎవరికైనా ఇలాంటిది ఉందా, ఎవరైనా ఆత్మహత్య చేసుకున్నారా. తాగుడు, గంజాయి సంగతి కూడా. రోగి ముందు చెప్పలేనివి ఉంటే డాక్టరుతో విడిగా అయిదు నిమిషాలు అడగండి. మనిషిని రోజూ చూసేవారే వెంట వెళ్ళాలి, ఊరినుంచి నిన్న వచ్చిన పెదనాన్న కాదు.

లిథియం మొదలుపెట్టాక పరీక్షకు వెళ్ళే రోజున, ముందు రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. ఉదయం మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోవాలి, లేకపోతే అంకె తప్పు చూపిస్తుంది.